‘నాన్న కూడా’: పసిపిల్లల స్నానం యాడ్‌ను మూడుసార్లు రాయాల్సి వచ్చిన కేసు

ఈ కేసు గురించి రాయడానికి క్లయింట్ ఒప్పుకున్నారు. బ్రాండు పేరు, మనుషుల పేర్లు, ఊరు, పరీక్షల్లో కూర్చున్నవాళ్ల వివరాలు తీసేశాను. ఒకరిద్దరి కుటుంబ వివరాలను గుర్తుపట్టకుండా మార్చాను. ఏ దశలో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నేపథ్యం

నేను యాడ్ ఏజెన్సీలో ప్లానింగ్ చూస్తాను. స్క్రిప్టు రాసేవాళ్ల పక్కన కూర్చుని, దీన్ని ఇంట్లో చూసేవాళ్లు ఎలా తీసుకుంటారని మొదటి రోజు నుంచి ఎడిట్ పూర్తయ్యే దాకా అడుగుతూ ఉండడమే నా పని.

క్లయింట్ అమ్మేది పసిపిల్లల ఒంటికీ తలకీ కలిపి వాడే లిక్విడ్ సబ్బు. నురగ తక్కువ, వాసన తక్కువ, కళ్లలో పడినా మండదు. ఇలాంటి సరుకుకి టీవీలో ఏళ్ల తరబడి ఒకటే బొమ్మ నడిచింది: తెల్లటి టవల్, మెత్తటి వెలుతురు, బిడ్డ చెంపకు చెంప ఆనించిన అమ్మ. బ్రాండు పేరు తీసేస్తే ఏది ఎవరి యాడో చెప్పడం కష్టం. అందుకని ఈసారి నాన్నను పెడదామని క్లయింటే అడిగారు. మంచి ఆలోచన, మాకూ నచ్చింది.

యాడ్ ఏం చెప్పాలో క్లయింట్ రాసిచ్చే కాగితాన్ని మేం బ్రీఫ్ అంటాం. అందులో చివరి వాక్యం ఇది: ‘నాన్న కూడా చేయించగలిగేంత సులువైన స్నానం.’

ఆ వాక్యాన్ని ఆ రోజు నేను ఆగి చదవలేదు. ‘నువ్వు కూడా రా’ అంటే పిలుపు. ‘వాడు కూడా పాసయ్యాడు’ అంటే పరీక్ష ఎంత తేలికో చెప్పడం. బ్రీఫ్‌లో ఉన్నది ఈ రెండో ‘కూడా’. తర్వాత నెలల తరబడి మేం పడ్డ అవస్థ అంతా ఆ ఒక్క మాటలో ముందే ఉంది.

మొదటి స్క్రిప్టు

నిడివి 30 సెకన్లు. అమ్మ బయటికి వెళ్తుంది. ఏడాది నిండని బిడ్డ, నాన్న, టబ్బు. సబ్బు సీసా చేతిలోంచి జారుతుంది, నురగ నేలంతా పాకుతుంది, నాన్న టవల్ కోసం వెనక్కి తిరిగి అల్మారా అంతా వెతుకుతాడు. బిడ్డ నీళ్లు చిమ్ముతుంది. చివరికి బిడ్డకంటే నాన్నే ఎక్కువ తడిసి ఉంటాడు. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. అమ్మ చూస్తుంది, నిట్టూరుస్తుంది, నవ్వుతుంది, బిడ్డను అందుకుంటుంది. గంభీరమైన మగ గొంతు ‘నాన్న కూడా’ వాక్యాన్ని చెబుతుంది.

చదివి వినిపించినప్పుడు గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, సరే అన్నాను.

అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నామో తర్వాత ఆలోచించాను. ఆ కథ మాకు ముందే వచ్చు. ప్రకటనల్లో ఆడామగా చిత్రణ మీద సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1970లలోనే రాసిన పరిశీలన ఒకటుంది. వంటింట్లోనో పిల్లల దగ్గరో మగవాణ్ని చూపించాల్సి వస్తే ప్రకటనలు కొన్ని దారులే పడతాయని ఆయన గమనించాడు: అతనికి ఏ పనీ ఇవ్వకుండా నిలబెట్టడం, నవ్వులపాలు చేసి చిన్నపిల్లాడిలా చూపించడం, లేదా ఆ పని బాగా వచ్చిన ఆడమనిషి చూస్తుండగా ఆమె పర్యవేక్షణలో చేయించడం. మా స్క్రిప్టులో రెండోదీ మూడోదీ రెండూ ఉన్నాయి. దాదాపు అర్ధశతాబ్దం వెనకటి అచ్చును కొత్త ఆలోచన అనుకుని మేం బల్ల మీద పెట్టుకున్నాం.

ఇంకో సంగతి నాకు మరీ ఆలస్యంగా తట్టింది. ఆ యాడ్‌లో మగవాళ్లు ఇద్దరున్నారు. కనిపించేవాడికి ఏమీ తెలియదు, కనిపించకుండా మాట్లాడేవాడికి అన్నీ తెలుసు. సబ్బు గుణం గురించి నమ్మకంగా చెప్పే అధికారం మగ గొంతుకి ఇచ్చి, ఆ సబ్బుతో బిడ్డను కడిగే నేర్పు మాత్రం మగ చేతులకు లేకుండా చేశాం. అమెరికా టీవీ ప్రకటనల మీద 1975లో వచ్చిన మెకార్థర్, రెస్కోల అధ్యయనంలోనూ మగవాళ్లు ఎక్కువగా సరుకు గురించి చెప్పే నిపుణులుగా, ఆడవాళ్లు ఎక్కువగా దాన్ని వాడేవాళ్లుగా కనిపించారు. మేం ఆ విభజనను ఒకే బాత్రూములో కుదించాం.

సమస్య ఎక్కడ బయటపడింది

షూటింగ్‌కి ముందు, గీసిన బొమ్మలతో యాడ్ నమూనా వీడియో (యానిమాటిక్) చేసి ఫోకస్ గ్రూపుల్లో, అంటే అభిప్రాయం కోసం పిలిచిన చిన్న చిన్న బృందాలకు, చూపిస్తాం. తల్లులను విడిగా, తండ్రులను విడిగా కూర్చోబెట్టాం. చూస్తున్నంత సేపూ రెండు చోట్లా నవ్వారు. నవ్వుల దగ్గరే ఆపేసి ఉంటే యాడ్ పాసైపోయేది. కానీ మా మోడరేటర్‌కి ఒక అలవాటుంది. చూసినదాన్ని, చూడనివాళ్లకు చెబుతున్నట్టుగా చెప్పమంటారు.

తల్లుల్లో ఎక్కువమంది ఒకే రకంగా చెప్పారు: ‘అమ్మ లేకపోతే నాన్న పడే అవస్థ.’ అందులో సబ్బు లేదు. కళ్లు మండకపోవడం అసలే లేదు. ఒకావిడ నవ్వు ఆపి అన్న మాట నా నోట్‌బుక్‌లో అలాగే ఉంది: ‘చూస్తే నవ్వొచ్చిందండీ. కానీ చివరికి బిడ్డ మళ్లీ ఆమె చేతికే వచ్చింది. ఆ తడి నేల తుడిచేది కూడా ఆమే కదా.’

తండ్రుల గదిలో విషయం ఇంకో రకంగా తేలింది. వాళ్లు కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటే మాకు త్వరగా అర్థమయ్యేది. ఈ సబ్బు ఎవరి కోసం అని అడిగితే, ‘కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం’, ‘చేతకానివాళ్ల కోసం’ అన్నారు. రోజూ బిడ్డకు స్నానం చేయించే తండ్రులు ఆ గదిలో ముగ్గురున్నారు. ఆ ముగ్గురూ అది తమ కోసం కాదని తేల్చేశారు. మేం కొత్తగా చేరుకోవాలనుకున్నదే వాళ్లను.

మమ్మల్ని పూర్తిగా ఆపింది మాత్రం పిల్లల డాక్టర్ అభిప్రాయం. పసిపిల్లల ప్రకటన అయితే స్క్రిప్టును డాక్టర్‌కి పంపడం మా పద్ధతి. ఆవిడ నాన్న టవల్ కోసం వెనక్కి తిరిగే ఫ్రేము చుట్టూ గీత గీసి పంపారు. టబ్బులో ఉన్న పసిబిడ్డ మీద నుంచి చెయ్యి తీయకూడదు, కళ్లు తిప్పకూడదు. కొన్ని సెంటీమీటర్ల లోతు నీళ్లు చాలు, అరుపూ చప్పుడూ లేకుండా ప్రాణం పోవడానికి. మేం తమాషాగా రాసుకున్నది ఆవిడ కంటికి ప్రమాదంలా కనిపించింది. తమాషా చేస్తున్నది నాన్న కాబట్టి మాకు కనిపించలేదు. అదే ఫ్రేములో అమ్మ ఉండి, బిడ్డను నీళ్లలో వదిలి అల్మారా వెతుకుతూ ఉంటే మాలో ఒక్కరు కూడా నవ్వేవాళ్లం కాదు.

క్లయింట్‌తో వాదన

బ్రాండ్ మేనేజర్ ఆలోచన తేలిగ్గా కొట్టిపారేయాల్సింది కాదు. ‘నవ్విస్తేనే గుర్తుంటుంది. మగవాళ్లు దీనికి నొచ్చుకోరు. పైగా మనం నాన్నను చూపిస్తున్నాం, అది మంచిదే కదా’ అన్నారు.

అప్పుడు నేను రెండు బహిరంగ ఉదాహరణలు ఆయన ముందు పెట్టాను. 2012లో అమెరికాలో హగ్గీస్ డైపర్ల ప్రచారం ఒకటి వచ్చింది. మా డైపర్లు దేన్నైనా తట్టుకుంటాయని చూపించడానికి అత్యంత కఠిన పరీక్షగా బిడ్డలను ఐదు రోజులు నాన్నల దగ్గర వదిలిపెట్టడం దాని కథ. తండ్రులే పిటిషన్ పెట్టారు, వెయ్యి మందికి పైగా సంతకాలు చేశారు, కంపెనీ ప్రచారాన్ని మార్చుకుంది. సరుకు బలం చెప్పడానికి నాన్నను కొలబద్దగా వాడడంలో మా బ్రీఫ్‌కీ దానికీ తేడా లేదు.

రెండోది మాకు ఇంకా దగ్గర. బ్రిటన్‌లో హాని చేసే లింగ మూసలను ప్రకటనల్లో నిషేధించే నియమం 2019 జూన్‌లో అమల్లోకి వచ్చింది. దాని వివరణలో, మగవాడు కాబట్టి డైపర్ మార్చలేకపోవడం అన్నదాన్నే ఉదాహరణగా రాశారు. ఆ ఆగస్టులో ఆ నియమం కింద మొదట నిషేధానికి గురైన రెండు యాడ్‌లలో ఒకటి ఫిలడెల్ఫియా చీజ్‌ది. ఇద్దరు నాన్నలు తిండి ధ్యాసలో పడి బిడ్డలను కన్వేయర్ బెల్ట్ మీద వదిలేస్తారు. కంపెనీ వాదన ఏమిటంటే, పిల్లల్ని చూసుకునేది తల్లులే అనే మూసను తప్పించడానికే తండ్రులను పెట్టామని. నియంత్రణ సంస్థ ఒప్పుకోలేదు. మన దేశంలో కూడా ప్రకటనల ప్రమాణాల మండలి ఏఎస్‌సీఐ 2022 జూన్‌లో ఇదే దారిలో మార్గదర్శకాలు ఇచ్చింది.

ఆ చీజ్ కంపెనీ చెప్పిన కారణమూ మేం నాన్నను ఎంచుకున్న కారణమూ ఒకటే. మంచి ఉద్దేశంతో ఫ్రేములోకి తెచ్చి, తెచ్చాక పాత వేషమే వేయించడం. మేనేజర్ దీన్ని విని చాలాసేపు మాట్లాడలేదు. ‘అయితే మెత్తబరచండి’ అన్నారు.

మెత్తబరచడం

నీళ్లు తగ్గించాం. సీసా జారడం తీసేశాం. డాక్టర్ చెప్పినట్టు నాన్న చెయ్యి ఎప్పుడూ బిడ్డ మీదే ఉండేలా మార్చాం. నాన్న కంగారు ముఖంలో మాత్రమే కనిపించేలా చేశాం. మళ్లీ పరీక్షించాం.

చెప్పిన కథ మారలేదు. ‘అమ్మ వచ్చే దాకా నాన్న నెట్టుకొచ్చాడు.’

నాన్న చేసే పనులన్నీ సరిగ్గానే ఉన్నా కథ మారకపోవడం మాకు అంతుబట్టలేదు. తప్పు చేతల్లో ఉందనుకుని చేతలు సరిదిద్దాం. తప్పు ఇంకెక్కడో ఉంది. ఆ దశలో అది మాకు దొరకలేదు. దొరక్కుండానే పూర్తిగా ఎదురు దిక్కుకి పరిగెత్తాం.

హీరో నాన్న

రెండో స్క్రిప్టులో నవ్వు లేదు. పొద్దుటి వెలుగు, స్లో మోషన్, పియానో. పెద్ద అరచేతుల్లో చిన్న తల. నాన్న నుదుటి మీద చెమట, బిడ్డ నవ్వు, నాన్న కళ్లలో నీళ్లు. తలుపు దగ్గర అమ్మ నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని చూస్తుంది.

ఇలాంటిదాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ 2015 ప్రసారంలో నిస్సాన్, టొయోటా, డవ్ మెన్ ప్లస్ కేర్ ఒకే సాయంత్రం నాన్న మీద మనసు కరిగించే యాడ్‌లు వేశాయి. కార్లూ మగవాళ్ల సబ్బులూ కూడా నాన్నతనాన్ని వాడుకోవచ్చని అప్పటి నుంచి మా రంగంలో అందరికీ ఒక నమూనా దొరికింది. క్లయింట్ కూడా వాటినే చూపించి అలా కావాలన్నారు.

తండ్రుల గదిలో ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. మాకు ధైర్యం వచ్చింది. తల్లుల గదిలో నిశ్శబ్దం. మోడరేటర్ ఎంత తిప్పి అడిగినా ‘బాగుంది’ అని ఆపేస్తున్నారు. చివరికి ఒకావిడ కదిలారు: ‘నేను రోజూ చేయిస్తాను. నాకెప్పుడూ సంగీతం వినిపించలేదండీ.’ ఆ తర్వాత గది గదంతా మాట్లాడింది. ఎవరికీ ఆ తండ్రి మీద కోపం లేదు. ఆ పనికి దొరుకుతున్న మెచ్చుకోలు మీదే కోపం. తాము చేస్తే పని, అతను చేస్తే ఘనకార్యం. తలుపు దగ్గర నిలబడి మురిసిపోయే పాత్ర తమకిచ్చారు, ఆ మురిపెం తమ వంతుకి ఎప్పుడొస్తుంది అన్నారు. తండ్రుల గదిలో కళ్లు తుడుచుకున్న ఇద్దరిలో ఒకాయన కూడా, తన భార్య పక్కన కూర్చుని దీన్ని చూడాలంటే ఇబ్బందిగా ఉంటుందన్నారు.

సబ్బు సంగతి ఇంకా దారుణం. ఏం అమ్ముతున్నామో సగం మందికి గుర్తులేదు. టవల్ అన్నవాళ్లూ ఉన్నారు, బీమా అన్నవాళ్లూ ఉన్నారు.

ఇక్కడ బట్టల సబ్బు పొడి ఏరియల్ వాళ్ల ‘షేర్ ద లోడ్’ ప్రచారం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మా గదిలో దాని పేరు పదే పదే వచ్చింది. 2016లో వచ్చిన ఆ యాడ్‌లో ఒక పెద్దాయన, ఇంటి పనీ ఆఫీసు పనీ ఒంటరిగా మోస్తున్న కూతుర్ని చూసి, తను మంచి ఉదాహరణగా నిలవనందుకు క్షమాపణ అడుగుతాడు. అదీ కళ్లు తడిపేదే. మరి అది నిలబడింది, మాది ఎందుకు పడిపోయింది? నా లెక్కలో కారణాలు రెండు. ఆ తండ్రి మెచ్చుకోలు తీసుకోవడానికి రాలేదు, బాకీ ఒప్పుకోవడానికి వచ్చాడు. రెండోది, కథలో గొడవ ఉన్న పనీ అమ్ముతున్న సరుకూ ఒకటే, బట్టలు ఉతకడం. మా స్క్రిప్టులో భావం సబ్బును ఆనుకుని లేదు. ఏ సీసా పెట్టినా సరిపోయేది.

తలుపు

తర్వాతి విడత గ్రూపులో కొత్త స్క్రిప్టు చూపించలేదు. తండ్రులను పిలిచి, మీ ఇంట్లో స్నానం ఎలా జరుగుతుందో చెప్పండి అని మాత్రం అడిగాం. పాత రెండు యానిమాటిక్‌లు చివర్లో ఒకసారి వేశాం. అందులో ఒకాయన రెండు గంటలూ పెద్దగా మాట్లాడలేదు. లేచి వెళ్లే ముందు మోడరేటర్‌తో అన్నారు: ‘రెండింట్లోనూ చివర ఒక తలుపు తెరుచుకుంటుందండీ. మా ఇంట్లో ఆ తలుపు తీసుకుని ఎవరూ రారు.’

ఆయన బిడ్డను ఒంటరిగా పెంచుతున్నారు. ఎందుకన్నది మేం అడగలేదు, ఆయన చెప్పలేదు.

అద్దం అవతల గదిలో కూర్చున్న నాకు, పక్కనున్న రైటర్‌కి అప్పటికి గాని అర్థం కాలేదు. చేతకాని నాన్న, హీరో నాన్న మాకు రెండు వేర్వేరు యాడ్‌లుగా కనిపించాయి. రెండూ ఒకే యాడ్. రెండింటిలోనూ అమ్మ తలుపు దగ్గరికి వచ్చి ఆశ్చర్యపోతుంది. ఒకదానిలో ఆశ్చర్యం నిట్టూర్పుగా, ఇంకోదానిలో మురిపెంగా బయటికొస్తుంది. ఎలా వచ్చినా చెప్పేది ఒకటే: ఇది ఇతని పని కాదు, ఇవాళ్టికి ఇలా జరిగింది. నాన్నకు మార్కులు వేసే చూపు ఫ్రేములో ఉన్నంత కాలం అతని చేతులు ఎంత నేర్పుగా కదిలినా అతను పరీక్ష రాస్తున్నవాడే. మెత్తబరచిన స్క్రిప్టు ఎందుకు పడిపోయిందో కూడా అప్పుడే తెలిసింది. మేం చేతలు మార్చాం, చూపును ముట్టుకోలేదు.

ఆ సాయంత్రమే రెండు నిర్ణయాలు తీసుకున్నాం. తలుపు పోవాలి. ‘కూడా’ పోవాలి.

మూడో స్క్రిప్టు

తలుపు తీసేస్తే కథలో ఇరకాటం ఏమీ మిగలదని రైటర్ భయం. న్యాయమైన భయమే. నాన్న తప్పు చేయడు, గొప్పా చేయడు, మరి 30 సెకన్లు ఏం చూపించాలి? ఇరకాటాన్ని నాన్నలో కాకుండా బిడ్డలో వెతుకుదామన్నాను. స్నానంలో అసలు కష్టం ఎవరికి? తల మీద నీళ్లు పడేటప్పుడు బిడ్డకు.

గ్రూపులో పాల్గొన్న తండ్రుల్లో ఒప్పుకున్నవాళ్ల చేత తమ ఇంటి స్నానాన్ని ఫోన్‌లో తీయించాం. బిడ్డ ముఖం, ఇంటి వివరాలు బయటికి రావని రాతపూర్వకంగా మాట ఇచ్చాం, చూశాక చెరిపేశాం. ఆ వీడియోల్లో నేను చూసింది ఏ స్క్రిప్టులోనూ లేదు. టవల్, బట్టలు, సబ్బు ముందే చేతికందేలా సర్దుకుంటున్నారు. నీటి వేడిని మోచేత్తో చూస్తున్నారు, అరచెయ్యి కంటే అక్కడి చర్మానికి వేడి బాగా తెలుస్తుందని. చిన్న బిడ్డ అయితే ఒక ముంజేయి మెడ కిందుగా పోయి అవతలి చంకను పట్టుకుంటుంది, ఆ పట్టు చివరిదాకా వదలదు. ఒకాయన బిడ్డ నుదుటి మీద అరచేతిని టోపీ అంచులా ఆనించి నీళ్లు పోస్తున్నారు. ఇంకొకాయన నీళ్లు పోసే ముందు ప్రతిసారీ ‘పైన ఏముంది?’ అని అడుగుతారు. బిడ్డ తల ఎత్తి పైకప్పు చూస్తుంది, నీళ్లు వెనక్కి జారిపోతాయి. ఎవరో నేర్పితే వచ్చింది కాదు అది. వందసార్లు చేస్తే వచ్చిన కిటుకు.

యాడ్ అదే అయింది. రెండేళ్ల పాపకు తల మీద నీళ్లంటే భయం. నాన్న పైన ఏముందని అడుగుతాడు. పాప చూస్తుంది, నీళ్లు పోస్తాడు. మూడోసారికి పాపకు కిటుకు తెలిసిపోతుంది. పైకి చూడకుండా నాన్న ముఖంలోకి సూటిగా చూస్తుంది. నీళ్లు, సబ్బు కళ్ల మీదుగా జారతాయి. పాప రెప్పలు కొట్టుకుని, ఏడవడానికి సిద్ధపడి, ఏడవాల్సిన పని లేదని తెలుసుకుని తనే ఆశ్చర్యపోతుంది. యాడ్ మొత్తంలో ఆశ్చర్యపోయేది ఆ పాప ఒక్కతే, అదీ సబ్బు గురించి. ఈసారి సబ్బు తీసేస్తే కథ ఉండదు.

ఆడపిల్లను పెట్టడం కూడా కావాలని చేసిందే. టీవీ ప్రకటనల్లో మగవాళ్ల కుటుంబ పాత్రల మీద గేల్ కాఫ్‌మన్ 1999లో చేసిన అధ్యయనంలో, నాన్నలు కూతుళ్లతో కంటే కొడుకులతోనే ఎక్కువగా కనిపించారు. వంట, శుభ్రం చేయడం లాంటి పనుల్లో దాదాపు కనిపించలేదు. ఆ అంతరం ఇంకా పోలేదని నాకు రోజూ టీవీ చూస్తుంటే అనిపిస్తుంది.

అమ్మ విషయం మాత్రం తేలడానికి వారం పట్టింది. మొదట ఆమెను పూర్తిగా తీసేశాం. తల్లులకు చూపిస్తే, ‘ఆమె ఏమైంది?’ అని వెతుక్కున్నారు. అమ్మ లేని ఇల్లు అనుకుంటే యాడ్ విషాదంలా ఉందన్నారు. ఒంటరి తండ్రి కథ చెప్పదలిస్తే దాన్ని దానికి తగిన నిండుతనంతో చెప్పాలి, ఖాళీ చోటుగా వదలకూడదు. అందుకని ఆమెను వెనక్కి తెచ్చాం, కానీ చూసే మనిషిగా కాదు. ఆమె పక్క గదిలోంచి గొంతు మాత్రం వినిపిస్తుంది: ‘రేపటి గౌను ఎక్కడుంది?’ నాన్న పాప మీద నుంచి కళ్లు తిప్పకుండా, ‘రెండో అరలో, కింద’ అంటాడు. రెండు సెకన్లు కూడా పట్టదు.

ఈ రెండు సెకన్ల కోసం నేను గట్టిగా నిలబడ్డాను. ఇంట్లో పని ఎవరిదో తెలియాలంటే ఆ పని చేస్తున్న చేతులు చూస్తే చాలదు, వస్తువు ఎక్కడుందో ఎవరు ఎవర్ని అడుగుతున్నారో వినాలి. యాడ్‌లలో ఎప్పుడూ నాన్నే అడుగుతాడు. ఇక్కడ అమ్మ అడిగింది, ఎవరూ దాన్ని విశేషం చేయలేదు. మొదటి స్క్రిప్టులో నాన్న అల్మారా వెతికిన ఫ్రేముకి ఇది జవాబు. అమ్మను తెలియనిదాన్ని చేశారని ఎవరైనా అంటారేమోనని దర్శకుడు సందేహించారు. అందుకే ఆమె గొంతులో తడబాటు, క్షమాపణ లేకుండా మామూలుగా ఉండేలా డబ్బింగ్‌లో పదిసార్లకు పైగా చెప్పించాం.

షూటింగ్‌లో

నటుడికి పిల్లల్లేరు. షూటింగ్‌కి ముందు రెండు రోజులు పిల్లల నర్సు దగ్గర బొమ్మతో పట్టు నేర్చుకున్నారు. అయినా మొదటి టేక్‌లో, ఎవరూ చెప్పకుండానే, కళ్లు పెద్దవి చేసి కంగారు ముఖం పెట్టారు. యాడ్‌లో నాన్న అంటే అలా ఉండాలని ఆయన ఒంటికి కూడా తెలుసు. నాకు అది చాలా బాధనిపించింది. దర్శకుడు ఆయనకు ‘మీరు ఇవాళ ఇది మూడు వందలోసారి చేస్తున్నారు’ అని మాత్రమే చెప్పారు. భుజాలు దిగాయి.

వాయిస్ ఓవర్‌లో గంభీరమైన మగ గొంతు తీసేశాం. చివర ఒకే వాక్యం, తేలికైన ఆడ గొంతు: ‘కళ్లలో పడినా మండదు.’ నాన్న ప్రస్తావన లేదు, సులువు ప్రస్తావన లేదు.

ఫలితం

అదే మోడరేటర్, అదే ప్రశ్న. ఈసారి తల్లులూ తండ్రులూ చెప్పిన కథ పాపతో మొదలైంది: ‘నీళ్లంటే భయపడే పాప ఉంటుంది, వాళ్ల నాన్న పైకి చూడమంటాడు, తర్వాత అది కళ్లలో పడినా ఏడవదు.’ సబ్బు గుణం కథలోనే వచ్చేసింది. నాన్న గురించి విడిగా అడిగే దాకా ఎవరూ ఏమీ అనలేదు. క్లయింట్‌కి అది లోపంలా అనిపించింది, నాన్నను పెట్టినందుకు పేరు రాలేదని. నాకు మాత్రం ఇన్ని నెలల్లో విన్న మంచి వార్త అదే. రోజూ స్నానం చేయించే తండ్రులు, ఆ కిటుకు తమకూ తెలుసనో, రేపు ప్రయత్నిస్తామనో అన్నారు. ఆ యాడ్ తర్వాతి సీజన్‌లోనూ నడిచింది.

ఈ కేసు తర్వాత మా పనిలో మారినవి

స్క్రిప్టు బల్ల మీదికి వస్తే నేను ముందు చివరి ఫ్రేము చూస్తున్నాను. ఎవరు ఎవర్ని చూస్తూ యాడ్ ముగుస్తుంది, ఆ చూపులో ఆశ్చర్యం ఉందా అన్నదే మొదటి ప్రశ్న. తర్వాత నాన్న స్థానంలో అమ్మను పెట్టి చదువుతాను. మొదటి స్క్రిప్టులో అమ్మను పెడితే భయపెట్టే యాడ్ అవుతుంది, రెండోదానిలో పెడితే పియానో ఎందుకో ఎవరికీ అర్థం కాదు, మూడోది అలాగే నిలబడుతుంది. ఈ పరీక్ష ఒక్కటే చాలదు. మెత్తబరచిన స్క్రిప్టు మధ్య భాగం ఇందులో పాసయ్యేది, చివరే దాన్ని పడేసింది.

నవ్వును నమ్మడం తగ్గించాం. నవ్వు వచ్చిందంటే ముందే తెలిసిన కథను మనుషులు గుర్తుపట్టారని అర్థం కావచ్చు. తిరిగి చెప్పించడం ఇప్పుడు మా అన్ని పరీక్షల్లోనూ ఉంది. ‘కూడా’, ‘సాయం చేస్తాడు’, ‘ఈ ఒక్కరోజుకి’ అనే మాటలు బ్రీఫ్‌లో కనిపిస్తే అక్కడే ఆగి, ఆ పని ఎవరిదని అనుకుని ఇది రాశారో క్లయింట్‌ను అడుగుతున్నాం. చాలాసార్లు వాళ్లు అనుకుని రాసింది కాదని తేలుతుంది.

డాక్టర్‌కి స్క్రిప్టు పంపడం ఇదివరకు అనుమతి కోసం చేసేవాళ్లం. ఇప్పుడు రైటర్‌ను ఆ మాటల్లో కూర్చోబెడుతున్నాం. తండ్రుల చేతులు సరిగ్గా చూపించడం మాకు నేర్పింది ఆవిడా, ఆ ఫోన్ వీడియోలూనే.

చేయలేకపోయింది ఒకటుంది. 10 సెకన్ల కుదింపులో గౌను మాట పోయింది. దాన్ని ఉంచితే సబ్బు వాక్యానికి చోటు లేదు, నేనే ఒప్పుకున్నాను. అంతకంటే పెద్ద పొరపాటు, దుకాణాల్లో పెట్టే పోస్టర్లు వేరే టీమ్ చేసింది. మేం వాళ్లకు యాడ్ పంపాం, దాని వెనక కారణాలు పంపలేదు. వాళ్ల చేతిలో పాత బ్రీఫ్ ఉంది. నాన్న, పాప, టబ్బు, కింద పెద్ద అక్షరాల్లో ‘నాన్న కూడా చేయించగలిగేంత సులువు’. అప్పటికే అచ్చయి వెళ్లిపోయాయి. రెండో ముద్రణలో మార్పించాం. మొదటి ముద్రణ పోస్టర్ ఒకటి తెచ్చి నా బల్ల ముందు గోడకు అంటించుకున్నాను. కొత్త టీమ్‌కి యాడ్ పంపే ప్రతిసారీ, ఏది ఎందుకు తీసేశామో ఒక పేజీ రాసి దానితో పాటే పంపుతున్నాను.